మూటల శెట్టి బండి కోసం బళ్లారికి

బళ్లారి ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ ఒక్కటే జవాబు చెప్పాను: స్కూటరు కొనడానికి. సగం మంది నవ్వారు, మిగతా సగం ఏలూరులో స్కూటర్లు దొరకవా అన్నారు. దొరుకుతాయి. కానీ ఇది ఇటలీలో పుట్టి, ఎవరో గనుల ఇంజినీరు వెంట బళ్లారి చేరి, ఒక బట్టల వ్యాపారి చేతిలో ముసలిదై, ఆయన కొడుకు చేతిలో మళ్ళీ పడుచుదైన స్కూటరు. ఫోన్‌లో అమ్మకం ప్రకటన చూశాను. పాలకోవా రంగు, గుండ్రటి ఒళ్ళు, ముందొకటి వెనకొకటి విడివిడిగా రెండు సీట్లు. ధర చూస్తే సెకండ్ హ్యాండ్ కారు వచ్చేట్టుంది. అయినా ఫోటో మా ఆయనకి చూపించాను.

"గేర్ల బండి నీ వల్ల కాదు" అన్నారాయన, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆయన స్కూటరు వెనక నేను ఇరవై ఏళ్ళు ఒక పక్కకి తిరిగి కూర్చున్నాను. మా ఏలూరు ఊరంతా నాకు ఎడమ చేతి వైపే బాగా తెలుసు. కుడివైపు ఏ దుకాణాలున్నాయో ఉద్యోగంలో చేరి నడవడం మొదలుపెట్టాక గానీ తెలియలేదు. కాస్త సర్దుకుని కూర్చుందామంటే "కదలకు" అనేవారు. గవర్నమెంటాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాను, ఎందరినో "కదలకండి" అని సూదులు పొడిచాను, కానీ ఆ మాట నాకొకరు చెప్పడం ఎప్పుడూ ఇష్టం లేదు. "నీ వల్ల కాదు" అన్న మర్నాటి నుంచే పొద్దున్నే కాలేజీ మైదానంలో పక్కింటి వాళ్ళ పాత గేర్ల స్కూటరు మీద నేర్చుకోవడం మొదలుపెట్టాను. పడ్డాను, లేచాను, మోకాలికి నేనే కట్టు కట్టుకున్నాను. చెయ్యి కుదిరాక బళ్లారికి ఫోన్ చేశాను.

బళ్లారి, శుక్రవారం

బళ్లారిలో రైలు దిగగానే ముందు కనిపించేది కొండ, తర్వాత తగిలేది ఎండ. ఆకలేసి స్టేషన్ బయట హోటల్లో టిఫినేముందని అడిగితే ఉగ్గాణి తెచ్చిపెట్టారు. మరమరాలను వీళ్ళు బొరుగులంటారు. మా వైపు అవి పిల్లల చిరుతిండి. ఇక్కడ నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పసుపు, పుట్నాలపొడితో తాలింపు వేసి, పక్కన జానెడు మిరపకాయ బజ్జీ పెట్టి పెద్దవాళ్ళు కడుపు నింపుకుంటారు. ఇడ్లీ కంటే చవక. బజ్జీ కొరికాక కాసేపు నాకు ఎదురుగా ఉన్న గోడ కనపడలేదు.

"ఏంది అక్కా, కారమా? మజ్జిగ తాగుతావా?" అన్నాడు హోటలాయన. కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఇంకో బజ్జీ వెయ్యమన్నాను. మొదటి రోజే ఓడిపోవడం నాకిష్టం లేదు.

రమేశ్ శెట్టి గారి బట్టల దుకాణం బజారు మధ్యలో ఉంది. తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కోమట్ల కుటుంబం. గిరాకీతో కన్నడం, జవళి తెచ్చే సాయిబుతో ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఒకే వాక్యంలో మూడూ వస్తే అది బేరం కుదిరినట్టు. వెనక గోడౌన్‌లో దుప్పటి తీయగానే బండి కనపడింది. ఫోటోలో కంటే బాగుంది. నేను దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెబితే మీరు నవ్వుతారు.

"కంపెనీ నుంచి వచ్చినప్పుడు యట్లుండెనో అట్లే చేపిచ్చినా అక్కా" అన్నాడు రమేశ్. "సామాన్లు బయటి దేశం నుంచి తెప్పిచ్చినా. మా నాయన వెనక ఇనుప క్యారియర్ ఒకటి వెల్డింగ్ చేపిచ్చి పెట్టుకోనుండె, దాన్ని కోయిపిచ్చి పారేస్తి. ఈ సీటు చూడు, ఒరిజినల్."

బాగుచేయడమే ఆయన మోజు, నడపడం కాదు. ఇది పోతే ఆ చోటులో ఇంకో పాతదాన్ని పెట్టుకోవాలని ఆశ. ధర ఫోన్లోనే ఒప్పుకున్నాం కాబట్టి నేను సంచీ తెరిచాను. అప్పుడు లోపలి గడపలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఇయ్యాల శుక్రవారం గదా."

రమేశ్ వాళ్ళమ్మ, గౌరమ్మ గారు. ఎనభై దాటిన మనిషి, వెన్ను మాత్రం తిన్నగా ఉంది. బండి ఆమె భర్తది, ఇప్పుడు ఆమె పేర ఉంది, సంతకం ఆమె పెట్టాలి. మా వైపు అలవాటుగా "నమస్కారం మామ్మగారూ" అన్నాను.

"నువ్వేమన్నా చిన్నపిల్లవా నన్ను మామ్మా అనేకి? పెద్దమ్మా అను సాలు. యా ఊరు మీది? ఏలూరా? సూడు ఏలూరమ్మా, శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదు. మీ పక్క ఈ ఆచారం లేదా?"

ఉంది. మా అత్తగారు శుక్రవారం నాడు పక్కింటికి చారెడు ఉప్పు కూడా ఇచ్చేవారు కాదు. టికెట్టు తీసుకునేటప్పుడు ఆ సంగతి తట్టకపోవడం నా బుద్ధి తక్కువ. రేపు వస్తానన్నాను. రమేశ్ నన్ను బయటిదాకా సాగనంపుతూ గొంతు తగ్గించాడు.

"అక్కా, ఒక మాట దాచేది బేడ, చెప్పేస్తా. బెంగళూరు హోటలాయన ఒకడు ఆదివారం సాయంత్రం బండి చూసేకి వస్తాండాడు. నీకు మాటిచ్చినా, నిజమే. అయితే అమ్మ సంతకం కావల్ల గదా. జల్దీ చేసుకో."

లాడ్జికి నడుస్తూ నిశ్చయించుకున్నాను, బండి లేకుండా ఏలూరు వెళ్ళేది లేదు.

మళ్ళీ బళ్లారి, శనివారం పొద్దున

దుకాణం తలుపులు తీసేసరికి నేను మెట్ల మీద ఉన్నాను. గౌరమ్మ గారు కాఫీ ఇప్పించారు, మా కోడళ్ళ గురించి అడిగారు, ఆసుపత్రి కబుర్లు చెప్పించుకున్నారు. కాఫీ గ్లాసు కింద పెట్టాక అన్నారు.

"శనివారం ఇనుము కొని ఇంటికి తీసుకుపోతారామ్మా యాడన్నా? నీ మంచికే చెప్తాండా."

ఇదీ మా ఇంట్లో ఉన్న పట్టింపే. మేకు కూడా కొనం. కాదనడానికి నోరు రాలేదు గానీ కోపం మాత్రం బాగానే వచ్చింది. రమేశ్ తల గోక్కుని, "కొనొద్దు అక్కా, సుమ్నె, ఊరికే ట్రయల్ చూసుకో. యాడికన్నా పోయిరా, సాయంత్రం తెచ్చిపెట్టు" అని తాళం చేతిలో పెట్టాడు. గౌరమ్మ గారు అడ్డు చెప్పలేదు. నేను కిక్ కొడుతుంటే వచ్చి గడప మీద నిలబడ్డారు. నా వైపు కాదు, వెనక సీటు వైపు చూస్తున్నారు. ధూళి ఏమైనా అంటిందేమోనని కొంగుతో తుడిచి మరీ బయలుదేరాను.

తోరణగల్లు

ఎడమ చేతి పిడి మెలితిప్పితే గేరు పడుతుంది. మొదటి గేరులో గింజుకుంటుంది, మూడో గేరుకి పాట అందుకుంటుంది. తోరణగల్లు చేరేసరికి మేమిద్దరం ఒకరికొకరం అలవాటు పడ్డాం. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఒక ఊరంత ఉంటుంది. షిఫ్టు మారే వేళ కంపెనీ బస్సులు వరసకట్టాయి. ఒక బస్సులో కుర్రాళ్ళందరూ ఒకే పక్క కిటికీలకి వచ్చి ఫోన్లు బయటపెట్టారు. ఒకడు "ఆంటీ, ఎష్టు మైలేజ్?" అని అరిచాడు. ఏలూరులో ఇలా ఎవడైనా ఆంటీ అంటే మొహం తిప్పుకునేదాన్ని. ఇక్కడ చెయ్యి ఊపాను.

ఆ చెయ్యి ఊపడంలోనే తప్పు జరిగింది. బంకులో పెట్రోలు పోయించుకుని ఆ హుషారులో ఆయిల్ లెక్క చూసుకోకుండా ధారాళంగా కలిపేశాను. ఈ పాత బళ్ళకి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. తక్కువైతే ఇంజను పాడవుతుంది, ఎక్కువైతే ప్లగ్గుకి మసి పట్టి ఆగిపోతుంది.

తారానగర్

తారానగర్ ఊరు ఇంకా రాకముందే, వెనక పొగ మబ్బులా లేచి, బండి దగ్గి ఆగిపోయింది. ఆ దారంతా గనుల లారీలు. చెట్ల ఆకులు కూడా ఇటుకరంగులో ఉంటాయి. పాలకోవా కాస్తా కొద్దిసేపట్లో బెల్లం రంగుకి మారింది. మా ఆయన సరిగ్గా అప్పుడే ఫోన్ చేశారు.

"కొన్నావా?"

"ఇవాళ ఇనుము కొనకూడదట."

"మంచి మాట. రైలెక్కి వచ్చెయ్."

"పెట్టేయండి, పనిలో ఉన్నాను" అని పెట్టేశాను. బండి తోసుకుంటూ ఊరి మొదట్లో ఉన్న ఒక చిన్న హోటలు దాకా వెళ్ళాను. రేకుల పందిరి, కట్టెల పొయ్యి, పొయ్యి ముందు నా ఈడు మనిషి జొన్నరొట్టె తడుతోంది. పేరు హంపమ్మ. ప్లగ్గు విప్పి మసి గీకుతూ కూర్చున్న నన్ను చూసి, ఆమె రొట్టె తట్టడం ఆపి బండి దగ్గరికి వచ్చింది. చుట్టూ తిరిగింది, అచ్చం నేను తిరిగినట్టే.

"ఇది మూటల శెట్టి బండి గదా?"

ఎలా తెలుసని అడిగాను.

"తెలీకుండా యట్ల ఉంటాది? ముందు నీలం రంగుండె. వెనక ఇంత ఎత్తు చీరల మూట. ఊరూరూ తిరిగి అమ్ముతుండె శెట్టి. నా పెండ్లి చీర ఈ బండి మీదే వచ్చినాది. ఆ మూట పెట్టే కమ్మీలు యాడ పాయె?"

కోసి పారేశారని చెప్పాను. ఆమెకది నచ్చలేదు. రొట్టె, వంకాయ కూర, గురెళ్ళ పొడి పెట్టింది; గురెళ్ళంటే మా వైపు వెర్రినువ్వులు. మా వైపు రొట్టె అంటే షుగరు వచ్చినవాళ్ళకి డాక్టరు వేసే శిక్ష. ఇక్కడ దాన్ని పండగలా తింటారు. రెండోది తింటుంటే హంపమ్మ తనలో తాను నవ్వుకుంది.

"మేము అడుగుతుంటిమి శెట్టిని, ఒకసారన్నా శెట్టెమ్మను పిల్చకరాకూడదా అప్పా, చూస్తామని. 'ఆమెకు చోటు యాడ ఉండాది తల్లీ, మూట కూచునింది గదా' అనేటోడు. ఎప్పుడడిగినా అదే మాట. ఆమె రానే లేదు."

ఎదురుగా బండి ఉంది, మూట ఉండాల్సిన చోట కొత్త సీటు ఉంది. గడప మీద నిలబడి గౌరమ్మ గారు దేన్ని చూశారో అప్పుడర్థమైంది. శుక్రవారం, శనివారం అంటూ ఆమె ఆపుతున్నది అమ్మకాన్ని కాదు. అది అమ్ముడైపోయేలోగా ఎవరో ఒకరు ఒక మాట అడుగుతారేమోనని చూస్తున్నారు. ఇంట్లో ఎవరికీ ఆ మాట తట్టలేదు.

డబ్బులిస్తే హంపమ్మ రొట్టెలకి తీసుకుని కూరకి తీసుకోలేదు. ప్లగ్గు బిగించి కిక్ కొట్టాను. నాలుగో తన్నుకి అందుకుంది.

బళ్లారి, ఆదివారం

ఆదివారం అమావాస్య. పొద్దున్నే మా ఆయన ఫోన్. "అమావాస్య నాడు బండి కొన్నావంటే నేను దాని మొహం కూడా చూడను." నిజం చెప్పాలంటే నాకూ ఆ పట్టింపు ఉంది. మా వైపు అమావాస్య నాడు ప్రయాణమే కట్టం, ఇక బండి కొనడం కూడానా? గౌరమ్మ గారు ఈ అడ్డం ఎలాగూ వేస్తారు, సాయంత్రానికి బెంగళూరాయన దిగుతాడు అనుకుంటూ బజారుకి నడిచాను.

బజారు చూస్తే పండగలా ఉంది. ప్రతి దుకాణం ముందూ బళ్ళు కడిగి, బంతిపూలు చుట్టి, నిమ్మకాయలు కడుతున్నారు. ఒకాయన గుమ్మడికాయ దిష్టి తీసి నా కాళ్ళ దగ్గరే నేలకి కొట్టాడు.

"ఈడ అమావాస్య మంచి దినం అక్కా" అన్నాడు రమేశ్, నా మొహం చూసి. "బండ్లకు పూజలన్నీ ఇయ్యాలే. కొనేకి, అమ్మేకి ఏం తప్పు లేదు."

గౌరమ్మ గారు గడప మీద ఉన్నారు. "పెద్దమ్మా, మరి ఇవాళ అడ్డం ఏమీ లేదా?" అన్నాను.

నేను భయపడతానని ఆమెకి తెలుసు, ఒక్క మాట అంటే చాలు, వెనక్కి తగ్గేదాన్ని. కానీ ఆమె అబద్ధం ఆడలేదు. "లేదు" అని పక్కకి చూశారు.

సంచీలో డబ్బుంది, పెన్నుంది. రెండూ తీయలేదు. "పెద్దమ్మా, కురుగోడు దాకా వెళ్ళొద్దాం, వస్తారా? బండి మీద" అన్నాను. అందులో నా స్వార్థం లేదని నేను చెప్పను. కానీ ఆ క్షణాన ఆమె మొహం చూస్తే, బండి రాకపోయినా ఆ మాట అడిగి తీరేదాన్ని.

రమేశ్ కంగారుపడ్డాడు. "అమ్మా, వద్దు. పడితే? కారులో పంపిస్తా."

"కారు బేడ" అని గౌరమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేటప్పటికి చీర మారింది, అంచున్న నీలం ఇల్కల్ చీర. మనవడి హెల్మెట్ పెట్టుకుంటే ముడి అడ్డం వచ్చింది. ముడి విప్పి జడ వేయించుకున్నారు. ఎనభై ఏళ్ళ జడ, నా బొటనవేలంత ఉంది.

కురుగోడు

ఊరు దాటేదాకా ఆమె నా భుజాన్ని ఎముక విరిగేట్టు పట్టుకున్నారు. కాలువ వచ్చాక పట్టు వదులైంది. ఒక పక్క మిరప, జొన్న, ఇంకో పక్క కాలువ కింద వరి. మా గోదావరి జిల్లాల నుంచి వచ్చి పొలాలు చేసుకుంటున్న వాళ్ళ ఊళ్ళు కూడా అక్కడున్నాయి. గట్టు మీద ఒకామె నా చీరకట్టు చూసి "ఏ ఊరండీ మీది?" అని కేకేసింది. ఆ "అండీ" వినగానే ప్రాణం లేచొచ్చింది. ఏలూరని అరిచి చెబుతుంటే వెనక గౌరమ్మ గారు అటు తిరగబోయారు, బండి ఒరిగింది.

"కదలకండి" అన్నాను.

అనేశాక నాకే సిగ్గేసింది. వెనక నుంచి జవాబు తాపీగా వచ్చింది.

"ఇన్నేండ్లు కదలకుండా ఇంట్లోనే కూచుంటి. బండెక్కినా కదలొద్దంటావా ఏలూరమ్మా?"

కాలువ వంతెన మీద బండి ఆపాను. ఆమె దిగి, హెల్మెట్ తీసి, సీటు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"యాభై ఏండ్లు ఈడ మూట కూచునింది. ఆయప్ప పోయినాక మూట దించినారు. నా కొడుకు సీటు పెట్టినాడు. భలే సంతోషపడితి. నేను కూచునేకి ముందే అమ్మకానికి పెట్టె."

"అడగకపోయారా?"

"యట్ల అడిగేది? ముసిల్దానికి షోకు అంటారు. నగుతారు."

నాకు ఏడుపొచ్చింది, ఆమెకి రాలేదు. కురుగోడులో పెద్ద బసవన్న గుడికి వెళ్ళాం. ఒకే రాతిలో చెక్కిన అంతెత్తు నందిని ఆమె పెద్దగా పట్టించుకోలేదు. బజారులోకి తీసుకుపొమ్మన్నారు. "ఈ అరుగు మీద మూట విప్పుతుండెనంట. ఈ హోటల్లో టీ తాగుతుండెనంట." ఇన్నేళ్ళుగా విన్న ఊరిని వెతుక్కుంటూ చూశారు. ఆ హోటల్లోనే టీ తాగాం, పది రూపాయలకి అరగ్లాసు. డబ్బులు ఆమే ఇచ్చారు, నన్ను ఇవ్వనివ్వలేదు.

తిరిగి బళ్లారి

దుకాణం ముందు బెంగళూరాయన కారు ఉంది. మర్యాదస్తుడే. నేను ఒప్పుకున్న దానికంటే ఎక్కువ ఇస్తానన్నాడని రమేశ్ మొహమే చెబుతోంది. గౌరమ్మ గారు నా భుజం పట్టుకుని దిగి, ఆయన్నే అడిగారు.

"బండిని ఏం చేస్తావప్పా?"

"హోటెల్ ముందర గ్లాసు పెట్టె లోపల పెడతాను అజ్జీ. లైట్లు వేస్తాను. ఒంచూరు ధూళి కూడా పడదు. ఎల్లరూ ఫోటో తీసుకుంటారు."

"ఎవురన్నా ఎక్కుతారా?"

"ఛే, ఎక్కనియ్యం."

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళి కుంకుమ, రెండు నిమ్మకాయలు తెచ్చారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి మొహానికి బొట్టు పెట్టారు. "రమేశప్పా, మాట ముందు ఎవురికి ఇచ్చినావు?"

"అక్కకే" అన్నాడు రమేశ్. ఒక నిట్టూర్పు విడిచి, బెంగళూరాయనకి టీ చెప్పాడు. అంతటితో ఆ బేరం అయిపోయింది.

సంతకం పెట్టాక గౌరమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఒక్కటే మాట. ఆ వెనక సీటు పీకొద్దు. ఖాళీగా గూడా తిప్పొద్దు."

అమావాస్య నాడు, నా జీవితంలో మొదటి గేర్ల బండి కొన్నాను. నిమ్మకాయల మీదుగా చక్రాలు పోతుంటే భయం వేసింది, అయినా ఆగలేదు.

గుంతకల్లు మీదుగా ఇంటికి

మర్నాడు గుంతకల్లు దాకా నడుపుకుంటూ వచ్చాను. రాష్ట్రం మారినట్టు బోర్డు మీద అక్షరాలు మాత్రమే చెప్పాయి. పొలాలు, ఎండ, మాట యాస అన్నీ అవే. ఏలూరు దాకా నడుపుతానని బయలుదేరినదాన్ని, గుంతకల్లులో నడుము మాట విని బండిని రైలెక్కించాను. అది ఓటమి కింద లెక్క కాదు.

ఏలూరు స్టేషన్‌కి మా ఆయన వచ్చారు. మొహం చూడనన్న బండిని రెండుసార్లు చుట్టి వచ్చి, "హ్యాండిల్ ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపారు. నేను కిక్ కొట్టి, హెల్మెట్ ఆయన చేతిలో పెట్టి, "వెనక కూర్చోండి" అన్నాను. చుట్టూ ఆటోవాళ్ళు చూస్తున్నారు. కాసేపు ఆలోచించి కూర్చున్నారు. ఇంటిదాకా నేనే నడిపాను.

ఇంటికి చేరానని చెబుదామని బళ్లారికి ఫోన్ చేస్తే గౌరమ్మ గారే తీశారు. ఎలా చేరావని అడగలేదు, బండి ఎలా ఉందని అడగలేదు.

"వెనక ఎవురు కూచున్యారు?"

"మా ఆయన, పెద్దమ్మా."

అవతల నవ్వు వినపడింది. "మూట కంటే బరువా?"

"బరువే. కానీ కదలకుండా కూర్చున్నారు."